హెరాల్డ్ గిల్లీస్

సర్ హెరాల్డ్ డెల్ఫ్ గిల్లీస్ (1882 జూన్ 17 - 1960 సెప్టెంబర్ 10) న్యూజీలాండ్‌లో జన్మించి ఇంగ్లండులో స్థిరపడిన ప్రముఖ శస్త్రవైద్యుడు. ఇతనిని ఆధునిక ప్లాస్టిక్ సర్జరీ పితామహుడుగా పరిగణిస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన వేలాది సైనికులకు ఇతడు, ఇతని సహచరులు తిరిగి ముఖరూపం కల్పించారు. ముక్కు, దవడ, పెదవులతో పాటు కనురెప్పల పునర్నిర్మాణంలోనూ ఇతడు కొత్త పద్ధతులు ప్రవేశపెట్టాడు. ముఖ్యంగా కాలిన గాయాల వలన, పక్షవాతం వలన, ఎముకలు విరగడం వలన కిందికి జారిపోయే కింది కనురెప్పను తిరిగి దాని స్థానంలో నిలిపే చికిత్సలలో ఇతని పేరు నేటికీ వినిపిస్తుంది. జారిన రెప్పలన్నీ చూపునకు ఒకేలా కనిపించినా వాటి కారణాలు వేరువేరనీ, ఏది లోపించిందో తేల్చుకోకుండా కత్తి పట్టరాదనీ ఇతని పని నేర్పింది.

బాల్యం, విద్య

గిల్లీస్ న్యూజీలాండ్ దక్షిణ ద్వీపంలోని డునెడిన్ పట్టణంలో ఎనిమిది మంది సంతానంలో చివరివాడుగా జన్మించాడు. తండ్రి రాబర్ట్ గిల్లీస్ భూముల వ్యాపారి, పార్లమెంటు సభ్యుడు. ఖగోళశాస్త్రమంటే అతనికి మక్కువ ఎక్కువ. ఇంటిపైనే నక్షత్రశాల కట్టించుకున్నాడు. హెరాల్డ్‌కు నాలుగేళ్ళు నిండకముందే తండ్రి మరణించాడు. చిన్నతనంలో మోచేయి విరగడం వలన ఆ కీలు జీవితాంతం బిగుసుకునే ఉండిపోయింది. అయినా అది ఇతని ఆటలకు గాని, తరువాతి కాలంలో శస్త్రచికిత్సలకు గాని అడ్డు కాలేదు.

వాంగనూయి కాలేజియేట్ పాఠశాలలో చదివి, క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించాడు. 1901లో కేంబ్రిడ్జిలోని గాన్‌విల్ అండ్ కైయస్ కళాశాలలో చేరాడు. 1904లో ఆక్స్‌ఫర్డ్‌తో జరిగిన పడవ పందెంలో కేంబ్రిడ్జి తరఫున తెడ్డు వేశాడు. గోల్ఫ్ క్రీడలో ఇంగ్లండుకు ప్రాతినిధ్యం వహించాడు. లండన్ లోని సెయింట్ బార్తోలోమ్యూస్ ఆసుపత్రిలో వైద్యవిద్య పూర్తిచేసి, 1910లో రాయల్ కాలేజి ఆఫ్ సర్జన్స్ ఫెలోగా ఉత్తీర్ణుడయ్యాడు. అనంతరం చెవి, ముక్కు, గొంతు వైద్యంలో ప్రావీణ్యం సంపాదించి, ప్రముఖ గొంతు వైద్యుడు సర్ మిల్సమ్ రీస్ వద్ద సహాయకుడుగా చేరాడు. 1911లో కాథ్లీన్ మార్గరెట్ జాక్సన్‌ను వివాహమాడాడు. వీరికి నలుగురు సంతానం.

యుద్ధరంగంలో తొలి పాఠాలు

1915లో గిల్లీస్ సైనిక వైద్యదళంలో చేరి ఫ్రాన్సు వెళ్ళాడు. అప్పటి యుద్ధం కందకాల యుద్ధం. సైనికుని దేహం కందకంలో దాగి ఉండగా తల మాత్రమే బయటికి వచ్చేది. అందువలన తుపాకి గుళ్ళు, ఫిరంగి గుండ్ల శకలాలు నేరుగా ముఖానికి తగిలేవి. ఇంతకు పూర్వం ఇటువంటి గాయాలతో మనుషులు బ్రతకడం అరుదు. వైద్యం మెరుగుపడడంతో బ్రతికేవారు పెరిగారు గాని, బ్రతికినవారి ముఖాలను ఏమి చేయాలో తెలిసినవారు చాలా తక్కువ.

ఫ్రాన్సులో ఇతనికి ఛార్లెస్ వలాడియే అనే దంతవైద్యుడు తారసపడ్డాడు. విరిగిన దవడలను నిలబెట్టడంలో అతడు చేస్తున్న ప్రయోగాలు గిల్లీస్‌ను ఆకర్షించాయి. తరువాత పారిస్‌లో ఇపోలిట్ మోరెస్టాఁ అనే శస్త్రవైద్యుడు ముఖంపై ఉన్న క్యాన్సర్ కణితిని తొలగించి, పక్కనున్న చర్మాన్నే జరిపి ఆ ఖాళీని పూడ్చడం చూశాడు. తన జీవితం దేనికి వినియోగపడాలో ఇతనికి అక్కడే స్పష్టమైంది.

ఆల్డర్‌షాట్, సిడ్‌కప్ ఆసుపత్రులు

ఇంగ్లండుకు తిరిగివచ్చిన గిల్లీస్ ముఖగాయాలకు ప్రత్యేక విభాగం కావాలని సైనిక వైద్యాధికారులను కోరాడు. శస్త్రవైద్యుడు సర్ విలియం అర్బత్‌నాట్ లేన్ ఇందుకు తోడ్పడ్డాడు. 1916 జనవరిలో ఆల్డర్‌షాట్ లోని కేంబ్రిడ్జి సైనిక ఆసుపత్రిలో విభాగం ప్రారంభమైంది. క్షతగాత్రులు వేరే ఆసుపత్రులకు చెదరిపోకుండా ఉండేందుకు, గిల్లీస్ తన చేతి డబ్బుతో చిరునామా చీటీలు కొని యుద్ధరంగానికి పంపించాడు. ముఖగాయమైన సైనికుని ఒంటికి ఆ చీటీ కట్టి నేరుగా తన విభాగానికి పంపాలన్నది ఇతని ఏర్పాటు. 1916 జూలై 1న సోమ్ యుద్ధం మొదలైంది. సుమారు 200 మంది వస్తారని సిద్ధపడగా 2,000 మంది వచ్చారు.

ఆ తాకిడికి ఆల్డర్‌షాట్ చాలలేదు. 1917లో కెంట్ లోని సిడ్‌కప్‌లో ముఖగాయాల కోసమే క్వీన్స్ ఆసుపత్రి ఏర్పడింది. బ్రిటన్‌తో పాటు కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వైద్యబృందాలు అక్కడ పనిచేశాయి. 1917 - 1925 మధ్య 5,000 మందికి పైగా సైనికులకు 11,000కు మించి శస్త్రచికిత్సలు జరిగాయి. దంతవైద్యుడు విలియం కెల్సీ ఫ్రై ఎముక, పళ్ళ భాగం చూసుకోగా, గిల్లీస్ చర్మం, కండ భాగం చూసుకునేవాడు. శస్త్రవైద్యుడుగా శిక్షణ పొంది చిత్రకారుడైన హెన్రీ టాంక్స్ రోగుల ముఖాలను చికిత్సకు ముందు, తరువాత రంగు సుద్దలతో చిత్రించాడు.

ఆసుపత్రి వార్డులలో అద్దాలు ఉంచేవారు కాదు. సిడ్‌కప్ వీధులలో కొన్ని బల్లలకు నీలిరంగు వేసి ఉంచారు. వాటిపై కూర్చున్న వారి ముఖాలు చూసి ఉలిక్కిపడవద్దని ఊరివారికి అది హెచ్చరిక. కాలో చేయో పోయిన సైనికుని వీరుడుగా గౌరవించిన సమాజమే, ముఖం పోయినవానిని చూసి తల తిప్పుకునేది. ఉద్యోగం, వివాహం, ఇల్లు అన్నీ ముఖంతో ముడిపడి ఉన్నాయని గిల్లీస్ ఇక్కడే గ్రహించాడు.

కాలిన ముఖాలు, గొట్టపు కాడ పద్ధతి

1916 మే 31న జరిగిన జట్‌లాండ్ నౌకాయుద్ధంలో చాలామంది నావికులు ఫిరంగి మందు మంటలలో కాలిపోయారు. వారిలో వార్‌స్పైట్ నౌకకు చెందిన వాల్టర్ యో పై, కింది కనురెప్పలు రెండింటినీ కోల్పోయాడు. రెప్పలు లేని కన్ను మూతపడదు, తడి నిలవదు, చివరకు చూపు కూడా పోయే ప్రమాదం ఉంటుంది. 1917 ఆగస్టులో గిల్లీస్ వద్దకు వచ్చిన యోకు రొమ్ము పైభాగం నుండి ముసుగు ఆకారంలో చర్మాన్ని ఎత్తి, కళ్ళ ప్రాంతంపై పరచి, దాని నుండి కొత్త రెప్పలు తయారుచేశారు. యో చికిత్సకు ముందు, తరువాత తీసిన ఛాయాచిత్రాలు ప్లాస్టిక్ సర్జరీ చరిత్రలో ప్రసిద్ధమైనవి. అతడు 1960 వరకు జీవించాడు.

అదే యుద్ధంలో కాలిన మరొక నావికుడు విలియం వికరేజ్. 1917 అక్టోబర్ 3న అతనికి చికిత్స చేస్తూ, ఎత్తిన చర్మపు రేకు అంచులు సహజంగానే లోపలికి చుట్టుకోవడం గిల్లీస్ గమనించాడు. ఆ అంచులను కలిపి కుడితే చర్మం గొట్టంగా మారింది. లోపలి కండ గాలికి తెరుచుకుని ఉండదు కనుక చీము పట్టే ప్రమాదం తగ్గింది, రక్తప్రసరణ నిలిచింది. దీనినే గొట్టపు కాడ పద్ధతి అంటారు. పాదు నుండి తీగ ప్రాకించినట్లు, రొమ్ము లేదా కడుపు చర్మాన్ని అంచెలంచెలుగా ముఖం వరకు చేర్చడానికి ఇది వీలు కల్పించింది.

అయితే ఈ పద్ధతిని గిల్లీస్ కన్నా ముందే, ఇతనికి తెలియకుండానే మరొకరు కనుగొన్నారు. ఒడెస్సా నగరానికి చెందిన నేత్రవైద్యుడు వ్లదీమిర్ ఫిలాతోవ్ 1916 సెప్టెంబరులో ఒక రోగి కింది కనురెప్ప నుండి క్యాన్సర్ తొలగించి, మెడ చర్మంతో చేసిన గొట్టపు కాడతో ఆ రెప్పను తిరిగి నిర్మించాడు. అంటే కొన్ని దశాబ్దాల పాటు ప్లాస్టిక్ సర్జరీకి వెన్నెముకగా నిలిచిన ఈ పద్ధతి పుట్టింది ఒక కింది కనురెప్ప కోసమే.

విజయాల వెంట వైఫల్యాలు కూడా ఉన్నాయి. హెన్రీ లమ్లీ అనే యువ విమానచాలకునికి ముఖమంతా ఒకేసారి పెద్ద చర్మపు రేకుతో కప్పడానికి ప్రయత్నించగా, అది కుళ్ళి 1918లో అతడు మరణించాడు. తొందరపడకుండా, దేహం కోలుకునేంత వ్యవధి ఇస్తూ, చిన్న చిన్న దశలుగా పనిచేయాలన్న నియమాన్ని గిల్లీస్ ఈ విషాదం నుండి నేర్చుకున్నాడు.

కింది కనురెప్ప: నాలుగు కారణాలు

గిల్లీస్ కృషిని అర్థం చేసుకోవడానికి కింది రెప్ప నిర్మాణం కొంత తెలియాలి. సాధారణంగా నేరుగా చూస్తున్నప్పుడు కింది రెప్ప అంచు నల్లగుడ్డు అడుగు అంచును తాకుతూ ఉంటుంది. అంచు ఇంకా కిందికి జారితే నల్లగుడ్డు కింద తెల్లగుడ్డు పట్టీలా కనిపిస్తుంది. అప్పుడు ముఖానికి అలసిన, విచారంగా ఉన్న లేదా బెదిరిన చూపు వస్తుంది. రెప్ప బయటికి తిరగబడితే లోపలి ఎర్రని పొర బయటపడుతుంది. రెప్ప లోపలి కొనలో కన్నీటి రంధ్రం ఉంటుంది. అది కంటిని అంటిపెట్టుకుని ఉండక దూరమైతే కన్నీరు లోపలికి పోక చెంపపై కారుతుంది. కార్నియా ఎండి పుండు పడవచ్చు. కనుక అందానికీ, కంటి రక్షణకూ మధ్య ఇక్కడ గీత గీయడం కష్టం.

ఈ రెప్పలో పైన పలుచని చర్మం, దాని కింద కన్ను మూసే వలయాకారపు కండరం, గట్టి పలక, కంటివైపు తడి పొర ఉంటాయి. రెండు కొనలనూ స్నాయువులు ఎముకకు కట్టి ఉంచుతాయి. రెండు గుంజలకు కట్టిన ఊయల వంటి నిర్మాణమిది. ఊయల జారడానికి కారణం గుడ్డ చాలకపోవడం కావచ్చు, తాడు సాగడం కావచ్చు, పట్టి ఉంచే చేయి బలహీనపడడం కావచ్చు, గుంజే కుంగడం కావచ్చు.

మొదటి కారణం చర్మం కొరత. కాలిన చోట మచ్చ ముడుచుకుని రెప్పను చెంపవైపు లాగుతుంది. దీనికి గిల్లీస్ బయటి పొర అంటు పద్ధతిని రూపొందించాడు. హాలండు వైద్యుడు యోహన్నెస్ ఎస్సర్ అంతకు ముందు నోటి లోపలి భాగాల కోసం ఒక పద్ధతి ప్రవేశపెట్టాడు. దంతవైద్యులు వాడే మైనం వంటి ముద్దపై పలుచని చర్మాన్ని చుట్టి, గాయపు గూటిలో పాతిపెట్టడం ఆ పద్ధతి. గిల్లీస్ దానినే రెప్పకు అనువుగా మార్చాడు. మచ్చను కోసి రెప్పను విడిపించి, ఏర్పడిన ఖాళీలో చర్మం కప్పిన ముద్దను ఒత్తి ఉంచి కుట్లు వేసేవాడు. అంటిన చర్మం కొంత ముడుచుకుంటుంది కనుక, కావలసినదాని కన్నా ఎక్కువ చర్మాన్నే అమర్చేవాడు. ఆ ముద్దను తయారుచేసినది ఛార్లెస్ స్టెంట్ అనే లండన్ దంతవైద్యుడు. నేడు గుండె రక్తనాళాలలో అమర్చే స్టెంట్‌కు ఆ పేరు అతని నుండే వచ్చిందని చెబుతారు.

రెండవ కారణం కండరపు పక్షవాతం. ముఖనాడి దెబ్బతింటే కన్ను మూతపడదు, కింది రెప్ప వ్రేలాడుతుంది. 1934లో గిల్లీస్ తొడలోని గట్టి పొరను తీసి ముఖంలో ఆధారంగా అమర్చిన అనుభవాలను ప్రకటించాడు. కణతలోని నమిలే కండరంలో కొంత భాగాన్ని తిప్పి, దాని కొసలను రెప్పల అంచుల వెంట నడిపే పద్ధతిని కూడా అందులో వివరించాడు. రోగి పళ్ళు బిగించినప్పుడు కన్ను మూతపడేది.

మూడవ కారణం ఎముక స్థానం. చెంప ఎముక విరిగి లోపలికి కుంగితే కంటికీ రెప్పకూ ఆధారం తప్పుతుంది. 1927లో గిల్లీస్ తన సహచరులతో కలిసి, కణత వద్ద జుట్టులో చిన్న కోత పెట్టి, కండరాన్ని కప్పి ఉంచే గట్టి పొర కింద నుండి, కండరం మీదుగా సాధనం జొనిపి ఎముకను పైకెత్తే పద్ధతిని ప్రకటించాడు. ముఖంపై మచ్చ కనిపించని ఈ మార్గం నేటికీ ఇతని పేరుతోనే వాడుకలో ఉంది. పుట్టుకతోనే ముఖం మధ్యభాగం వెనక్కు ఉండి కళ్ళు ఉబికినట్లు కనిపించే ఒక రోగికి, ముఖపు ఎముకలను విడదీసి ముందుకు జరిపిన శస్త్రచికిత్సను ఇతడు 1950లో ప్రకటించాడు.

నాలుగవ కారణం వయసుతో స్నాయువులు సాగడం. దీనికి నేడు విరివిగా చేసే చికిత్స గిల్లీస్ అనంతరం వచ్చింది. రెప్ప బయటి కొనను కుదించి, గట్టి పలక కొసను పట్టీగా చేసి ఎముకకు కుట్టే ఈ పద్ధతిని 1979లో అమెరికాలో ప్రకటించారు.

అవసరమా, అలంకారమా

యుద్ధం ముగిసిన తరువాత గిల్లీస్ లండన్‌లో సొంతంగా వైద్యవృత్తి ప్రారంభించాడు. 1920లో వెలువడిన ఇతని గ్రంథం ప్లాస్టిక్ సర్జరీ ఆఫ్ ది ఫేస్ ఈ రంగానికి పాఠ్యపుస్తకమైంది. అయితే శాంతికాలంలో వచ్చిన రోగులు వేరు. వంకర ముక్కు, ముడుతలు, కళ్ళ కింద సంచులు సరిచేయమని కోరేవారు వచ్చారు. సౌందర్యం కోసం కత్తి పట్టడాన్ని నాటి వైద్యలోకం చిన్నచూపు చూసేది. గిల్లీస్‌కు కూడా మొదట సంకోచం ఉండేది.

పోయిన రూపాన్ని సహజస్థితికి తేవడం పునర్నిర్మాణమనీ, సహజస్థితిని మించిన రూపం కోసం ప్రయత్నించడం సౌందర్య చికిత్స అనీ ఇతడు భేదం చూపాడు. రెండవది మరింత కష్టమైనదని ఇతని అభిప్రాయం. గాయపడినవానికి ఎంత మెరుగైనా లాభమే. బాగున్న ముఖానికి హాని జరిగితే మాత్రం సమాధానం చెప్పుకోలేము. కాలక్రమంలో, తన రూపం వలన నిజంగా బాధపడే వ్యక్తికి ఉపశమనం కలిగించడం వైద్యధర్మానికి విరుద్ధం కాదని ఇతడు నిర్ణయించుకున్నాడు.

కింది రెప్ప విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. కళ్ళ కింద సంచుల కోసం చర్మం ఎక్కువగా తీసివేస్తే, అంతకు ముందు లేని జారుడు కొత్తగా వస్తుంది. అంటే అలంకారం కోసం వచ్చిన వ్యక్తి, కాలిన గాయపు రోగి స్థితికి చేరుతాడు. అప్పుడు చికిత్స కూడా అదే: తీసిన చర్మాన్ని మరొక చోటు నుండి తెచ్చి పూడ్చడం.

మత్తుమందు, చాదర్‌ఘాట్ పరిశోధనలు

ముఖంపై శస్త్రచికిత్సకు పెద్ద ఆటంకం మత్తుమందు ఇచ్చే మూకుడే. వైద్యుడు కోయవలసిన చోటనే అది ఉండేది. నాడు ఈథర్, క్లోరోఫారం రెండూ వాడుకలో ఉండేవి. క్లోరోఫారం ఎంతవరకు సురక్షితమన్న వివాదంలో హైదరాబాదుకు ముఖ్యపాత్ర ఉంది. చాదర్‌ఘాట్ లోని బ్రిటిష్ రెసిడెన్సీ వైద్యుడు, హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి అయిన ఎడ్వర్డ్ లారీ, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆర్థికసాయంతో 1888లోను, 1889లోను క్లోరోఫారం కమిషన్లు నిర్వహించాడు. రెండవ కమిషన్ కోసం లండన్ నుండి డాక్టర్ లాడర్ బ్రంటన్ హైదరాబాదు వచ్చాడు.

మత్తు ఇచ్చేవాడు నాడిని గాక శ్వాసను గమనించాలని ఈ కమిషన్ చెప్పింది. రోగి శస్త్రచికిత్సకు సిద్ధమయ్యాడని తెలుసుకోవడానికి అది సూచించిన గుర్తు కనురెప్పే. వ్రేలి కొసతో కంటిని తాకినా రెప్ప అసంకల్పితంగా కొట్టుకోకపోతే మత్తు చాలినట్లు. శ్వాసను గమనించాలన్న సలహా నిలిచింది గాని, క్లోరోఫారం గుండెను నేరుగా ఆపదన్న నిర్ణయం నిలవలేదు. అది గుండె లయను తప్పించి ప్రాణం తీయగలదని 1911 నాటికి ఇంగ్లండులో ఎ.జి. లెవీ పరిశోధనలు చూపాయి.

సిడ్‌కప్‌లో మూకుడు సమస్యకు పరిష్కారం దొరికింది. అక్కడ గిల్లీస్ రోగులకు మత్తు ఇచ్చిన ఐవన్ మాగిల్, స్టాన్లీ రోబోతమ్ శ్వాసనాళంలోకి నేరుగా గొట్టం పంపే పద్ధతిని అభివృద్ధి చేశారు. నేడు శస్త్రచికిత్స గదులలో అనునిత్యం వాడే శ్వాసగొట్టపు పద్ధతికి ఇది పునాది.

రెండవ ప్రపంచ యుద్ధం

1930లో గిల్లీస్‌కు సర్ బిరుదు లభించింది. ఆ కాలంలోనే న్యూజీలాండ్ నుండి వచ్చిన బంధువు ఆర్చిబాల్డ్ మెకిండోను తన వద్ద చేర్చుకున్నాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో గిల్లీస్ బేసింగ్‌స్టోక్ సమీపంలోని రూక్స్‌డౌన్ హౌస్‌లోను, మెకిండో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లోను విభాగాలు నడిపారు. విమానాల ఇంధనం అంటుకుని కాలిన యువకులకు రెప్పలే మొదట దెబ్బతినేవి. అప్పట్లో కాలిన గాయాలకు టానిక్ ఆమ్లం పూసేవారు. అది గట్టి పెంకులా బిగుసుకుని రెప్పలను మరింత లాగివేసేది. ముఖానికీ, చేతులకూ దానిని వాడరాదని ప్లాస్టిక్ సర్జన్లు పట్టుబట్టి మాన్పించారు. 1946లో బ్రిటిష్ ప్లాస్టిక్ సర్జన్ల సంఘం ఏర్పడినప్పుడు గిల్లీస్ తొలి అధ్యక్షుడయ్యాడు.

1946 - 1949 మధ్య గిల్లీస్ మైకేల్ డిలన్‌కు స్త్రీ నుండి పురుషునిగా మార్చే శస్త్రచికిత్సలు చేశాడు. ఇందుకు తన గొట్టపు కాడ పద్ధతినే వాడాడు. డిలన్ తరువాత బౌద్ధ భిక్షువై భారతదేశంలో నివసించి 1962లో ఇక్కడే మరణించాడు.

భారతదేశంతో సంబంధం

గిల్లీస్ చేపట్టిన శాస్త్రానికి మూలాలు భారతదేశంలో ఉన్నాయి. సుశ్రుత సంహితలో తెగిన ముక్కును చెంప చర్మంతో తిరిగి నిర్మించే విధానం ఉంది. కనురెప్పలకు వచ్చే 21 రోగాలను కూడా ఆ గ్రంథం వర్ణించింది. టిప్పు సుల్తాను సైన్యానికి బందీగా చిక్కి ముక్కు కోల్పోయిన కావస్‌జీ అనే బండివానికి, పూణే ప్రాంతపు దేశీయ వైద్యుడు నుదుటి చర్మంతో ముక్కు అమర్చిన వృత్తాంతం 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. దానిని అనుసరించి జోసెఫ్ కార్ప్యూ 1814లో లండన్‌లో ఈ చికిత్స చేశాడు. బెర్లిన్ వైద్యుడు కార్ల్ ఫెర్డినాండ్ ఫాన్ గ్రేఫె 1818లో ముక్కు పునర్నిర్మాణంపై గ్రంథం రాశాడు. రెప్పల పునర్నిర్మాణానికి బ్లెఫరోప్లాస్టీ అన్న పేరు పెట్టినది కూడా ఇతడే. నుదుటి చర్మపు పద్ధతిని గిల్లీస్ సిడ్‌కప్‌లో విరివిగా వాడాడు.

ఆ రుణం మరొక రూపంలో భారతదేశానికి తిరిగి వచ్చింది. కుష్ఠువ్యాధి ముఖనాడిని దెబ్బతీసినప్పుడు రోగి కన్ను మూసుకోలేడు, కింది రెప్ప జారుతుంది, స్పర్శ పోయినందున దుమ్ము పడినా తెలియదు. ఇలా చూపు పోయినవారు ఎందరో. గిల్లీస్ చూపిన కణత కండరపు పద్ధతిని తరువాతి వైద్యులు మెరుగుపరచి కుష్ఠురోగుల కళ్ళకు ఉపయోగించారు. ఇంగ్లండులో గిల్లీస్ వద్ద శిక్షణ పొందిన నోషిర్ ఆంటియా, ముంబైలోని జె.జె. ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాన్ని నెలకొల్పి, కుష్ఠురోగుల ముఖాలకు, చేతులకు చికిత్స చేశాడు. వ్యాధి నయమైనా ముఖంపై గుర్తు మిగిలితే ఊరు వారిని తిరిగి చేర్చుకోదన్నది సిడ్‌కప్ నీలి బల్లలు చెప్పిన సత్యమే.

హైదరాబాదులో నేడు ఈ చికిత్సలు ఉస్మానియా ఆసుపత్రి వంటి ప్రభుత్వ వైద్యశాలలలోని ప్లాస్టిక్ సర్జరీ విభాగంలోను, 1987లో ప్రారంభమైన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వంటి చోట్లా జరుగుతున్నాయి. రెప్పల శస్త్రచికిత్స నేత్రవైద్యంలో ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది.

గిల్లీస్ సూత్రాలు

1957లో తన అమెరికా శిష్యుడు రాల్ఫ్ మిల్లార్డ్‌తో కలిసి గిల్లీస్ రెండు సంపుటాల గ్రంథం ప్రకటించాడు. అందులోని ముఖ్య సూత్రాల సారాంశం:

* చికిత్సకు ముందు గమనించడం, లోపాన్ని సరిగా గుర్తించడం ప్రధానం.
* ముందుగా ప్రణాళిక, కొలతకు నమూనా సిద్ధం చేసుకోవాలి.
* పక్కకు జరిగిన సహజభాగాలను ముందు వాటి స్థానాలకు చేర్చాలి. అప్పుడే నిజంగా పోయినదెంతో తెలుస్తుంది.
* పోయినదానికి బదులు అదే జాతి కణజాలం అమర్చాలి. రెప్పకు పలుచని చర్మం, ఎముకకు ఎముక.
* పనికిరాదని రూఢి అయ్యేవరకు దేనినీ పారవేయరాదు.
* వాయిదా వేయడం రోగికి మేలైతే తొందరపడరాదు.

నేటి నేత్రవైద్యులు కింది రెప్పను పరీక్షించే తీరులో ఈ సూత్రాల జాడ కనిపిస్తుంది. రెప్పను వ్రేలితో కిందికి లాగి వదిలి, వెంటనే స్వస్థానానికి వస్తుందా లేదా అని చూస్తారు. ఆలస్యంగా వస్తే స్నాయువులు సాగాయని అర్థం. రోగిని నోరు తెరిచి పైకి చూడమన్నప్పుడు రెప్ప మరింత కిందికి దిగితే చర్మం చాలడం లేదని తెలుస్తుంది. కన్ను గట్టిగా మూయమని కండరబలం చూస్తారు. చెంప ఎముక కంటి కన్నా వెనుకకు ఉందేమో పక్క నుండి గమనిస్తారు. తేలికపాటి జారుడుకు కంటిచుక్కలు, రాత్రిపూట రెప్పకు పట్టీ, మచ్చకు మర్దన సరిపోవచ్చు. పుట్టుకతోనే తెల్లగుడ్డు కొద్దిగా కనిపించేవారిలో కంటికి బాధ లేకపోతే ఏ చికిత్సా అవసరం కాకపోవచ్చు. మిగిలినవారికి కారణాన్ని బట్టి బయటి కొనను బిగించడం, చెవి వెనుక నుండి గాని పై రెప్ప నుండి గాని చర్మం తెచ్చి అమర్చడం, అంగిలి పొరతో రెప్ప లోపలివైపు ఎత్తు పెంచడం వంటివి చేస్తారు.

వ్యక్తిగత జీవితం, మరణం

గిల్లీస్ చమత్కారి, ఆకతాయి పనులంటే ఇష్టపడేవాడు. గోల్ఫ్ మైదానంలో బంతిని చాలా ఎత్తైన ఆధారంపై నిలిపి కొట్టి పెద్దలకు విసుగు తెప్పించేవాడు. చిత్రలేఖనం ఇతనికి ప్రియమైన వ్యాపకం. గాయపడిన సైనికులకు కూడా నవ్వు పంచుతూ, చేతిపనులు నేర్పించి తిరిగి జీవనోపాధి వైపు నడిపించేవాడు.

1957లో భార్య కాథ్లీన్ మరణించింది. అదే సంవత్సరం, తనతో శస్త్రచికిత్సలలో చిరకాలం పనిచేసిన మార్జరీ క్లేటన్‌ను ఇతడు వివాహమాడాడు. 78 ఏళ్ళ వయసులోనూ కత్తి వదలలేదు. 1960 ఆగస్టులో ఒక యువతి కాలికి శస్త్రచికిత్స చేస్తుండగా మెదడులో రక్తం గడ్డకట్టి కుప్పకూలాడు. 1960 సెప్టెంబర్ 10న లండన్‌లో మరణించాడు.

సూక్ష్మదర్శిని కింద రక్తనాళాలను కలిపి కుట్టే పద్ధతి వచ్చిన తరువాత గొట్టపు కాడ వాడకం చాలావరకు తగ్గిపోయింది. కణత మార్గం, కండరపు మార్పిడి, వీటన్నిటికన్నా ముందు లోపమేమిటో తెలుసుకోవాలన్న నియమం మాత్రం ఇతని పేరుతో నిలిచి ఉన్నాయి. సిడ్‌కప్‌లోని ఇతని రోగుల చిత్రాలు, వైద్యపత్రాలు లండన్ లోని రాయల్ కాలేజి ఆఫ్ సర్జన్స్‌లో భద్రపరచబడ్డాయి.